గోడ ఉంది, ప్లాన్‌లో లేదు: రెవిట్‌లో కనబడని వస్తువును పట్టుకోవడం ఎలా

(రెవిట్‌లో పనిచేసే మోడలర్లు, డ్రాఫ్ట్స్‌మెన్ కోసం ఇచ్చిన ప్రసంగం. చివర కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం.

ఇవాళ భవనాలను త్రీడీలో మోడల్ చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క సమస్య తీసుకుందాం. త్రీడీలో నిక్షేపంలా ఉన్న గోడ, ప్లాన్ తెరిస్తే మాయం. ఇలాంటప్పుడు మనవాళ్లు చేసే పని అందరికీ తెలిసిందే. వీజీ, అంటే ఏది కనబడాలో టిక్ పెట్టే విజిబిలిటీ/గ్రాఫిక్స్ డైలాగ్, తెరిచి టిక్కులన్నీ పెట్టేస్తారు. గోడ రాదు. వ్యూ టెంప్లేట్ (చాలా వ్యూలకు ఒకే సెట్టింగులు పెట్టేది) పీకేస్తారు. అయినా రాదు. షీట్ సాయంత్రానికి వెళ్లిపోవాలి కాబట్టి ఆ గోడను అక్కడే ఇంకోసారి గీసేస్తారు. మొదటి రెండు పనుల వల్ల చికాకే ఎక్కువ, మూడోదాని వల్ల పెద్ద నష్టం. ఒకే చోట రెండు గోడలు కూర్చుంటాయి, ఇటుక పని లెక్క రెట్టింపవుతుంది. రెవిట్ హెచ్చరిక ఇస్తుంది గానీ, పసుపు రంగు పెట్టెను చదివి మూసేవాళ్లు ఎంతమంది?

రెవిట్‌లో కనబడటం అనేది ఒక స్విచ్ కాదు. వస్తువు తెర మీదికి రావాలంటే వరుసగా చాలా చెక్‌పోస్టులు దాటాలి. కేటగిరీ (వస్తువు రకం), ఫిల్టర్, వ్యూ రేంజ్ (ప్లాన్ చూపించే ఎత్తుల పరిధి), ఫేజ్ (నిర్మాణ దశ), డిసిప్లిన్ (పని విభాగం), వర్క్‌సెట్ (టీమ్ పంచుకునే మోడల్ భాగం), డిజైన్ ఆప్షన్ (ప్రత్యామ్నాయ డిజైన్), డీటెయిల్ లెవెల్ (ఎంత వివరంగా చూపాలో), క్రాప్ (వ్యూ హద్దు), లింక్ (జోడించిన వేరే ఫైలు) సెట్టింగు. వీటిలో ఏ ఒక్కటి ఆపినా వస్తువు రాదు. ఎవరు ఆపారో రెవిట్ చెప్పదు. అందుకే తొమ్మిది చోట్ల సరిచేసినా పదోది మిగిలితే ఫలితం సున్నా. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అనే వరుస తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, అసలు వస్తువు ఉందా లేదా అని. త్రీడీలో దాన్ని పట్టుకుని, మేనేజ్ ట్యాబ్‌లో ఎంచుకున్నవాటి ఐడీ చూపించే బటన్ నొక్కండి. ఆ అంకె కాపీ చేసుకుని, ప్లాన్‌లోకి వచ్చి, పక్కనే ఉన్న సెలెక్ట్ బై ఐడీలో పెట్టండి. ప్రాపర్టీస్ ప్యాలెట్‌లో దాని వివరాలు వచ్చాయంటే వస్తువు ఉంది, ఈ వ్యూ దాన్ని చూపించడం లేదు. అప్పుడే ఫేజ్ ఏమిటి, బేస్ ఆఫ్‌సెట్ (లెవెల్ నుంచి అడుగు ఎంత ఎత్తులో ఉందో) ఎంత, ఏ వర్క్‌సెట్‌లో ఉంది అన్నవి కూడా చదివేయండి. చాలాసార్లు జవాబు ఆ ప్యాలెట్‌లోనే ఉంటుంది.

దీనికోసం ప్రతి ప్రాజెక్టులో ఒక తనిఖీ వ్యూ పెట్టుకోవడం మంచిది. త్రీడీ వ్యూ, టెంప్లేట్ లేకుండా, డిసిప్లిన్ కోఆర్డినేషన్, డీటెయిల్ లెవెల్ ఫైన్, ఫేజ్ ఫిల్టర్ నన్ (ఏదీ లేదు), వర్క్‌సెట్లన్నీ షో, సెక్షన్ బాక్స్ తీసేసి. దాని పేరు మీద ‘ముట్టుకోవద్దు’ అని రాయండి. ఆ వ్యూలో కూడా వస్తువు లేదంటే చాలావరకు అది మూసిన వర్క్‌సెట్‌లోనో, అన్‌లోడ్ అయిన లింక్‌లోనో ఉంది, లేదా నిజంగానే ఎవరో తుడిచేశారు.

రెండో అడుగు, కింద పట్టీలో ఉన్న బల్బు బొమ్మ. రివీల్ హిడెన్ ఎలిమెంట్స్. నొక్కగానే వ్యూ చుట్టూ ముదురు గులాబీ అంచు వస్తుంది, దాచినవన్నీ అదే రంగులో, మిగతావి మసకగా కనబడతాయి. గులాబీ రంగులో ఉన్న మీ గోడను క్లిక్ చేసి పైన రిబ్బన్ చూడండి. అన్‌హైడ్ ఎలిమెంట్ వెలిగితే ఆ ఒక్క గోడనే ఎవరో ఈహెచ్ (ఎంచుకున్నదాన్ని దాచే షార్ట్‌కట్) కొట్టి దాచారు. అన్‌హైడ్ కేటగిరీ వెలిగితే మొత్తం కేటగిరీ ఆఫ్‌లో ఉంది. రెండూ మసకగా ఉంటే ఫిల్టర్ మీద, టెంప్లేట్ మీద అనుమానం పెట్టుకోండి.

బల్బు నొక్కినా రాలేదా? అది కూడా మంచి సమాచారమే. వ్యూ రేంజ్‌కు బయట ఉన్నవాటిని, ఫేజ్ వల్ల పోయినవాటిని, క్రాప్ అవతల ఉన్నవాటిని, మూసిన వర్క్‌సెట్‌లో ఉన్నవాటిని బల్బు చూపించలేదు. కాబట్టి వీజీలో ఇంక గంటలు గడపనక్కర్లేదు, వెతకాల్సిన చోటు మారింది.

ఇంకో చిన్న మాట. వ్యూ చుట్టూ నీలి అంచు ఉంటే అది తాత్కాలికంగా దాచడం. హెచ్‌హెచ్ (దాచడం), హెచ్‌ఐ (అదొక్కటే చూపడం) షార్ట్‌కట్లు కొట్టి మరిచిపోయినవి. హెచ్‌ఆర్ కొడితే పోతుంది. ఫైలు మూసి తెరిచినా పోతుంది. దాన్ని వేరే సమస్య అనుకుని తలపట్టుకున్నవాళ్లు లేకపోలేదు.

టెంప్లేట్ సంగతి. వీజీ తెరిస్తే టిక్కులన్నీ బూడిద రంగులో, కదలకుండా ఉంటే, టెంప్లేట్ పట్టుకుని ఉందని అర్థం. దయచేసి నన్ పెట్టేయకండి. ఆ వ్యూ ఒక్కటీ గుంపులోంచి బయటపడిపోతుంది, రేపు టెంప్లేట్‌లో చేసిన మార్పు దానికి అందదు, షీట్ల మీద ఒక ఫ్లోర్ ఒకలా ఇంకో ఫ్లోర్ ఇంకోలా వస్తాయి. దాని బదులు కింది పట్టీలోని టెంపరరీ వ్యూ ప్రాపర్టీస్ ఎనేబుల్ చేయండి. ఊదా అంచు వస్తుంది, వీజీ తెరుచుకుంటుంది, ఎంత కెలికినా పర్వాలేదు. కారణం దొరికాక ఆ మోడ్ ఆపేసి, అదే మార్పు టెంప్లేట్‌లో చేయండి. చేసేముందు ఆ టెంప్లేట్ ఎన్ని వ్యూలకు తగిలించి ఉందో చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, వ్యూ రేంజ్. ప్లాన్‌లో మాయమైన వస్తువు కేసు వస్తే, బల్బు తర్వాత నేరుగా ఇక్కడికే రావాలి. షార్ట్‌కట్ వీఆర్.

అందులో నాలుగు ఎత్తులు ఉంటాయి. టాప్, కట్ ప్లేన్, బాటమ్, వ్యూ డెప్త్. మెట్రిక్ టెంప్లేట్‌లో మామూలుగా టాప్ 2300 మి.మీ., కట్ ప్లేన్ 1200, బాటమ్ 0, డెప్త్ 0. అమెరికా ప్రాజెక్టులు చేసే హైదరాబాద్ ఆఫీసుల్లో కట్ ప్లేన్ 4 అడుగులుగా కనబడుతుంది. లెక్కంతా ఆ లెవెల్ (ఆ అంతస్తు మట్టం) నుంచి. కట్ ప్లేన్ తాకినవి కోసినట్టు మందపు గీతల్లో, దానికీ బాటమ్‌కీ మధ్య ఉన్నవి పైనుంచి చూసినట్టు సన్న గీతల్లో వస్తాయి. బాటమ్‌కీ డెప్త్‌కీ మధ్య ఉన్నవి బియాండ్ అనే లైన్ స్టైల్‌లో వస్తాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. తిరకాసంతా మినహాయింపుల్లో ఉంది.

కట్ ప్లేన్ పైన, టాప్ కింద ఉన్న వస్తువు కనబడుతుందని చాలామంది అనుకుంటారు. అన్నీ కనబడవు. ఆ పొరలో విండోలు, కేస్‌వర్క్, జెనెరిక్ మోడల్స్ లాంటి కొద్ది కేటగిరీలకే అనుమతి. మన ఇళ్లలో లింటెల్ మట్టాన, 2100 దగ్గర, సజ్జ గానీ లాఫ్ట్ గానీ వేస్తాం కదా. దాన్ని ఫ్లోర్ కమాండ్‌తో మోడల్ చేస్తే 1200 కట్ ప్లేన్ ఉన్న ప్లాన్‌లో రాదు. అదే సజ్జను జెనెరిక్ మోడల్‌గా చేస్తే వస్తుంది, ఎందుకంటే 2100 అనేది 2300 టాప్‌కు కింద ఉంది. అలాగని సజ్జలన్నీ జెనెరిక్ మోడల్‌గా మార్చేయమనడం లేదు, కాంక్రీట్ లెక్క ఫ్లోర్ షెడ్యూల్‌లో రావాలి కాబట్టి. ఫ్లోర్‌గానే ఉంచి, ప్రాపర్టీస్‌లో అండర్‌లే (వేరే పరిధిని మసకగా కింద చూపించేది) బేస్ లెవెల్‌ను ఇదే లెవెల్‌కు పెట్టి, ఓరియెంటేషన్ లుక్ అప్ చేసి, లైన్‌వర్క్ టూల్‌తో ఆ అంచుల మీద ఓవర్‌హెడ్ డ్యాష్ గీత వేయండి. పని అయ్యాక అండర్‌లే తీసేసినా ఆ గీతలు నిలుస్తాయి.

టాయిలెట్ వెంటిలేటర్‌దీ ఇలాంటి గొడవే. దాని అడుగే 1200 పైన ఉంటుంది. 1200 దగ్గర గోడ ఏకబిగిన కోసుకుపోతుంది, వెంటిలేటర్ మనకు కావలసిన తీరులో రాదు. అక్కడ వ్యూ మొత్తం కట్ ప్లేన్ పైకి లేపితే మిగతా కిటికీల మీదుగా పోయి అవి పాడవుతాయి. ప్లాన్ రీజియన్ వాడండి. వ్యూ ట్యాబ్‌లో ప్లాన్ వ్యూస్ కింద ఉంటుంది. వెంటిలేటర్ చుట్టూ మూసిన పెట్టె గీసి, దానికి మాత్రం కట్ ప్లేన్ వెంటిలేటర్ మధ్యకు, ఉదాహరణకు 1950కి, పెట్టాలి. కట్ ప్లేన్ కన్నా టాప్ పైనే ఉండాలి, లేకపోతే డైలాగ్ ఒప్పుకోదు. రెండు ప్లాన్ రీజియన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, అంచులు కలిస్తే ఇబ్బంది లేదు. ప్రింట్‌కు ముందు వీజీలో యానొటేషన్ ట్యాబ్‌లో ప్లాన్ రీజియన్ టిక్ తీసేయండి, లేకపోతే ఆ పెట్టెలు కాగితం మీదికి వస్తాయి. టిక్ తీసినా వాటి పని అవి చేస్తూనే ఉంటాయి.

ఇంకో మినహాయింపు చాలామందిని బురిడీ కొట్టిస్తుంది. 1800 ఎత్తు కాంపౌండ్ వాల్. కట్ ప్లేన్ 1200. గోడ దాన్ని దాటి పైకి ఉంది కాబట్టి కోసినట్టు, హ్యాచ్‌తో రావాలి. రాదు, సన్న గీతలతో పైనుంచి చూసినట్టు వస్తుంది. సుమారు 2 మీటర్లు, అంటే 6 అడుగుల కన్నా పొట్టి గోడను రెవిట్ కోయదు. ఆ ఎత్తును గోడ అడుగు నుంచి కాదు, వ్యూ రేంజ్ బాటమ్ నుంచి గోడ పైభాగం దాకా కొలుస్తుంది. ఇక్కడే చిట్కా ఉంది. బాటమ్‌ను, డెప్త్‌ను 0 నుంచి మైనస్ 300కి దించండి. ఇప్పుడు 1800కు 300 కలిసి 2100 అయింది, గోడ కోసుకుంటుంది. వాల్ టైప్‌లో హ్యాచ్ లేదని గంటసేపు మెటీరియల్స్ వెతికేవాళ్లకు ఈ మాట చెప్పండి.

కింది వైపు కూడా చూద్దాం. టాయిలెట్‌లో సంకన్ స్లాబ్ (పైపుల కోసం కిందికి దించిన స్లాబ్) మైనస్ 300లో ఉంటే, బాటమ్ 0 అయినా ఆ స్లాబ్ కనబడుతుంది. ఫ్లోర్లు, మెట్లు, ర్యాంపులకు బాటమ్ కింద దాదాపు 1.22 మీటర్ల దాకా వెసులుబాటు ఉంది. కానీ అదే సంకన్‌లో పరిచిన డ్రైనేజీ పైపుకు ఆ వెసులుబాటు లేదు. మైనస్ 150లో ఉన్న పైపు బాటమ్ 0, డెప్త్ 0 ఉన్న వ్యూలో రాదు. స్లాబ్ కనబడుతోంది కదా, పైపు ఎందుకు రాదు అని వీజీలో పైపులు వెతుకుతారు. ప్లంబింగ్ ప్లాన్‌కు బాటమ్, డెప్త్ రెండూ మైనస్ 400 పెట్టేస్తే సరిపోతుంది. డెప్త్ ఎప్పుడూ బాటమ్‌కు సమానంగా గానీ, కింద గానీ ఉండాలి.

కొత్తగా చేరినవాళ్ల కాలమ్ సమస్య కూడా ఇదే. ఆర్కిటెక్చరల్ టెంప్లేట్‌లో ఫస్ట్ ఫ్లోర్ ప్లాన్ తెరిచి స్ట్రక్చరల్ కాలమ్ క్లిక్ చేస్తే, గీసినవేవీ ఈ వ్యూలో కనబడవు అని హెచ్చరిక వస్తుంది. ఆప్షన్స్ బార్‌లో డెప్త్ అని ఉంటుంది. అంటే కాలమ్ ఆ లెవెల్ నుంచి కిందికి, గ్రౌండ్ ఫ్లోర్‌లోకి దిగిపోయింది. హెచ్చరికను పట్టించుకోకుండా పది క్లిక్కులు కొడితే పది కాలమ్‌లు ఒకదాంట్లో ఒకటి. డెప్త్‌ను హైట్‌గా మార్చి, పైలెవెల్ ఎంచుకుని పెట్టండి. బీమ్‌ది కూడా ఇదే కథ. బీమ్ పైఅంచు లెవెల్‌కు అంటుకుని, బీమంతా కింద ఉంటుంది. బాటమ్ 0 ఉన్న ఆర్కిటెక్చరల్ ప్లాన్‌లో బీమ్ గీస్తే రాదు, స్ట్రక్చరల్ ప్లాన్‌లో గీయండి.

వ్యూ రేంజ్ అంకెల్లో ఊహించుకోవడం కష్టమైతే, త్రీడీ వ్యూలో వ్యూక్యూబ్ మీద రైట్ క్లిక్ చేసి ఓరియెంట్ టు వ్యూలో ఆ ప్లాన్ ఎంచుకోండి. సెక్షన్ బాక్స్ ఆ ప్లాన్ పరిధికి తగ్గట్టు కూర్చుంటుంది. తిప్పి చూస్తే వస్తువు పెట్టె లోపల ఉందో బయట ఉందో కంటికి తెలిసిపోతుంది.

మిగతా చెక్‌పోస్టులు త్వరగా దాటేద్దాం.

ఫేజ్. వ్యూకు ఒక ఫేజ్, ఒక ఫేజ్ ఫిల్టర్ ఉంటాయి, వస్తువుకు సృష్టించిన ఫేజ్, కూల్చిన ఫేజ్ ఉంటాయి. వ్యూ ఎగ్జిస్టింగ్‌లో ఉండి, గోడ న్యూ కన్‌స్ట్రక్షన్‌లో గీసి ఉంటే ఆ వ్యూకు ఆ గోడ ఇంకా పుట్టలేదు. రెనొవేషన్ పనుల్లో కాపీ చేసిన వ్యూల వల్ల ఇది ఎక్కువ. పరీక్షించడం తేలిక. ఫేజ్ ఫిల్టర్ నన్ చేస్తే ప్రత్యక్షమైందంటే అదే కారణం.

డిసిప్లిన్. స్ట్రక్చరల్ అని ఉన్న వ్యూలో నాన్ బేరింగ్ గోడలు రావు. ఆర్కిటెక్చరల్ వాల్ టూల్‌తో గీసిన పార్టిషన్లన్నీ అలాంటివే. వ్యూ డిసిప్లిన్‌ను కోఆర్డినేషన్ చేస్తే వచ్చేస్తాయి. అయితే షియర్ వాల్ (భవనం భారం, పక్క బలాలు మోసే గోడ) రాకపోతే మాత్రం వ్యూ మార్చకండి. గోడ ప్రాపర్టీస్‌లో స్ట్రక్చరల్ టిక్ పెట్టండి, తప్పు ఉన్నది అక్కడ.

వర్క్‌సెట్. కొత్త వర్క్‌సెట్ చేసేటప్పుడు విజిబుల్ ఇన్ ఆల్ వ్యూస్ అనే టిక్ ఉంటుంది. అది తీసేసి చేస్తే, ఆ వర్క్‌సెట్‌లో గీసినవి అన్ని వ్యూల్లోనూ ముందే దాగి ఉంటాయి. ఒక్కో వ్యూలో వీజీలోని వర్క్‌సెట్స్ ట్యాబ్‌కు వెళ్లి షో చేయాలి. మూసేసిన వర్క్‌సెట్ వేరే సంగతి, దాన్ని వర్క్‌సెట్స్ డైలాగ్‌లో ఓపెన్ చేస్తేనే వస్తుంది. రెవిట్ ఎల్‌టీలో వర్క్‌షేరింగే లేదు కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు.

గ్రిడ్లు. ఒక ఫ్లోర్‌లో గ్రిడ్ ఉండి పై ఫ్లోర్‌లో లేదంటే, ఎలివేషన్ తెరిచి ఆ గ్రిడ్ గీత ఎంత ఎత్తు దాకా పోయిందో చూడండి. లెవెల్‌ను దాటకపోతే ఆ ప్లాన్‌లో రాదు. రైట్ క్లిక్ చేసి మ్యాగ్జిమైజ్ త్రీడీ ఎక్స్‌టెంట్స్ కొడితే తేలిపోతుంది. స్కోప్ బాక్స్‌కు (గ్రిడ్ల పరిధి నిర్ణయించే పెట్టెకు) కట్టేసి ఉంటే ఆ బాక్స్ ఎత్తు పెంచాలి.

ట్యాగులు, డైమెన్షన్లు. యానొటేషన్ క్రాప్ ఆన్‌లో ఉంటే, ఆ గీతను కొంచెం తాకిన ట్యాగ్ కూడా మొత్తంగా మాయమవుతుంది, సగం కోసి చూపించడం ఉండదు. సెక్షన్ మార్కు ఒక్క వ్యూలోనే లేకపోతే దాని ప్రాపర్టీస్‌లో హైడ్ ఎట్ స్కేల్స్ కోర్సర్ దెన్ అనే స్కేలు చూడండి. 1:100 పెట్టి ఉంటే 1:200 సైట్ ప్లాన్‌లో ఆ మార్కు రాదు.

లింకుల దగ్గర కాసేపు ఆగాలి. స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఫైలు లింక్ చేశాం, బీమ్‌లు లేవు. వీజీలో రెవిట్ లింక్స్ ట్యాబ్‌లో మూడు పద్ధతులు ఉంటాయి. బై హోస్ట్ వ్యూ అంటే మన వ్యూ సెట్టింగులే లింక్‌కూ వర్తిస్తాయి. మనం స్ట్రక్చరల్ ఫ్రేమింగ్ ఆఫ్ చేసి ఉంటే వాళ్ల బీమ్‌లు కూడా పోతాయి. బై లింక్‌డ్ వ్యూ అంటే వాళ్ల ఫైలులోని ఒక వ్యూ కళ్లతో చూస్తున్నాం. వాళ్ల వ్యూ రేంజ్, వాళ్లు దాచినవి, అన్నీ వచ్చి కూర్చుంటాయి. అయితే వాళ్ల ట్యాగులు, డైమెన్షన్లు కావాలంటే ఈ దారి పనికొస్తుంది. కస్టమ్‌లో ఒక్కో అంశం వేరుగా తేల్చుకోవచ్చు. కారణం వెతికేటప్పుడు ముందు బై హోస్ట్‌కు తెచ్చి చూడండి, రెండు మోడళ్ల సెట్టింగులు కలగాపులగం కాకుండా ఉంటాయి.

లింకులో ఇంకో మలుపు ఫేజ్ మ్యాపింగ్. లింక్ టైప్ ప్రాపర్టీస్‌లో ఉంటుంది. మన న్యూ కన్‌స్ట్రక్షన్‌కు వాళ్ల ఎగ్జిస్టింగ్ జత అయి ఉంటే వాళ్ల కొత్త బీమ్‌లు రావు. మరొకటి, ఆర్కిటెక్ట్ మోడల్‌లో లింక్ చేసిన ఫర్నిచర్ ఫైలు మీ మోడల్‌లోకి రావడం లేదంటే, అక్కడ దాన్ని ఓవర్‌లేగా పెట్టారు. అటాచ్‌మెంట్ అయితేనే లోపలి లింక్ వెంట వస్తుంది. తేవాలంటే ఆర్కిటెక్ట్‌ను మార్చమనడం కన్నా ఆ ఫైలును మీరే నేరుగా లింక్ చేసుకోవడం నయం.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: పైపులన్నీ ఒంటి గీతల్లో వస్తున్నాయి, ఫ్లాంజ్‌లు కనబడటం లేదు. డక్టులు మాత్రం బాగానే ఉన్నాయి.

జవాబు: వ్యూ మీడియం డీటెయిల్‌లో ఉంది. డక్టు మీడియంలోనే రెండు గీతలవుతుంది, పైపు ఫైన్‌లోనే అవుతుంది. ఫైన్ పెట్టండి. అప్పటికీ ఏదైనా వాల్వ్ ఖాళీగా ఉంటే ఆ ఫ్యామిలీ తెరిచి, ఘనాన్ని ఎంచుకుని, విజిబిలిటీ సెట్టింగ్స్‌లో ప్లాన్, ఫైన్ టిక్కులు ఉన్నాయో లేదో చూడండి. నెట్‌లోంచి దించిన ఫ్యామిలీల్లో త్రీడీలో కనబడి ప్లాన్‌లో కనబడనివి ఎక్కువ, అక్కడే టిక్ తీసేసి ఉంటారు.

ప్రశ్న: రూమ్ పెట్టాను, ట్యాగ్ ఉంది, రూమ్ పట్టుకోవడానికి దొరకడం లేదు.

జవాబు: వీజీలో రూమ్స్ పక్కన ప్లస్ నొక్కి ఇంటీరియర్ ఫిల్, రిఫరెన్స్ రెండూ పెట్టండి. అడ్డగీతలు వస్తాయి, పట్టుకోవచ్చు. పని అయ్యాక ఇంటీరియర్ ఫిల్ తీసేయండి, లేకపోతే ప్రింట్‌లో నీలి పొర వస్తుంది.

ప్రశ్న: సర్వే డ్రాయింగ్ క్యాడ్ నుంచి లింక్ చేశాం. తెర మీద ఏమీ లేదు. అన్ని లేయర్లూ ఆన్‌లోనే ఉన్నాయి.

జవాబు: జెడ్‌ఈ (అంతా తెర మీద ఇమిడేలా జూమ్ చేసే షార్ట్‌కట్) కొట్టండి. చిన్న చుక్కలా కుంచించుకుపోతే వస్తువు దూరంగా ఉందని అర్థం. లింక్ చేసేటప్పుడు ఫైలు విస్తీర్ణం 33 కి.మీ. దాటిందని హెచ్చరిక వచ్చిందా?

ప్రశ్న: వచ్చింది, క్లోజ్ చేశాం.

జవాబు: అదే కారణం. మన సర్వేలు సాధారణంగా యూటీఎం కోఆర్డినేట్లలో (భూమి మీది స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) ఇస్తారు. హైదరాబాద్ దగ్గర నార్తింగ్ (ఉత్తర దిశలో దూరం) విలువ సుమారు 19 లక్షల మీటర్లు. ఆ డ్రాయింగ్‌లో 0,0 దగ్గర ఎవరో మరిచిపోయిన ఒక టెక్స్ట్ ముక్క గానీ, బ్లాక్ గానీ ఉంటే, దానికీ సైట్‌కూ మధ్య 1,900 కి.మీ. దూరం. ఆటోక్యాడ్‌లో జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టి ఆ చెత్త తీసేయండి, లేదా సైట్ మాత్రం ఎంచుకుని డబ్ల్యూబ్లాక్ కమాండ్‌తో వేరే ఫైలుగా రాయండి. యూనిట్లు మీటర్లలో ఉన్నాయో మి.మీ.లో ఉన్నాయో చూసి, రెవిట్‌లో సెంటర్ టు సెంటర్‌తో లింక్ చేయండి, ఆరిజిన్ టు ఆరిజిన్ వద్దు. భవనానికి తగ్గట్టు జరిపి, తిప్పి, ఆ తర్వాత మేనేజ్ ట్యాబ్‌లో అక్వైర్ కోఆర్డినేట్స్ నొక్కి ఆ సర్వే ఫైలు చూపించండి. యూటీఎం అంకెలు మీ మోడల్‌కు వచ్చేస్తాయి, గీతలు మాత్రం భవనం పక్కనే ఉంటాయి. లింక్ డైలాగ్‌లో కరెంట్ వ్యూ ఓన్లీ టిక్ పెట్టకండి. పెడితే ఆ ఒక్క ప్లాన్‌లోనే కనబడుతుంది, టోపో గీయడానికి త్రీడీలోకి వెళ్లేసరికి సర్వే మళ్లీ మాయం.